నమూనాలోని పేరు ఎవరిది?

జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాలకు వాహన రిజిస్ట్రేషన్ కోడ్‌లు వరుసగా 25, 26, 27. దరఖాస్తు నింపే పద్ధతిని వివరించే పత్రంలో జనగామ బండికి ‘టీజీ 27 ఎక్స్ 0000’ అని నమూనా ఇస్తే, టీజీ రాష్ట్రాన్నీ 27 జిల్లానూ తెలిపే స్థిరమైన భాగాలనీ, మిగిలిన అక్షరమూ సున్నాలూ ఎవరి నంబరు వారు రాసుకోవడానికి విడిచిన చోటనీ చదువరి గ్రహించాలి. అసలు వివరం వచ్చేదాకా దాని స్థానంలో నిలిపే ఇటువంటి పేరునో, అంకెనో, గుర్తునో సాంకేతిక రచనలో ప్లేస్‌హోల్డర్ అంటారు; దస్తావేజు నమూనాలలో ‘ఫలానా గ్రామ నివాసి ఫలానా’ అని రాయడమూ ఇదే పని చేస్తుంది.

అయితే ఒకే గుర్తు అన్నిచోట్లా ఒకే సంగతి చెప్పదు. నంబరు కొంత దాచి ఇచ్చే మాస్క్‌డ్ ఆధార్‌లో మొదటి ఎనిమిది అంకెల చోట ఎక్స్‌లు ఉండి, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. అక్కడ ఎక్స్ అంటే పూరించవలసిన ఖాళీ కాదు, భద్రత కోసం దాచిన అంకె. కంప్యూటర్ ఆదేశంలో కోణాకారపు బ్రాకెట్ల మధ్య ‘యూజర్‌నేమ్’ అని ఉంటే, బ్రాకెట్లతో సహా దాన్ని తీసివేసి సొంత పేరు పెట్టాలి. ఈ సంగతి మాన్యువల్ మొదటి పేజీలోనే చెప్పకపోతే, కొత్తగా నేర్చుకునేవారు ఉన్నదున్నట్టు ఎక్కించి, ఆదేశం ఎందుకు పనిచేయలేదో తెలియక తికమకపడతారు.

నమూనా కోసం నిజమైన వివరాన్ని వాడితే ఏమవుతుందో అమెరికాలో 1938లో జరిగిన ఉదంతం చూపుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పర్సుల కంపెనీ, అప్పటికి కొత్తదైన సోషల్ సెక్యూరిటీ కార్డు తమ పర్సులో చక్కగా ఇముడుతుందని చూపడానికి నమూనా కార్డు అచ్చువేయించి, దానిపై తమ ఉద్యోగిని ఒకరి అసలు నంబరే వేసింది. కార్డు అసలుదానిలో సగమే ఉన్నా, దానిమీద నమూనా అని రాసి ఉన్నా, కొన్నవారిలో వేలమంది ఆ నంబరును తమదే అనుకున్నారు. 1943 నాటికి 5,755 మంది దాన్ని వాడుతుండగా, ఏళ్ల తరబడి లెక్క చూస్తే ఆ సంఖ్య 40,000 దాటింది. చివరికి ఆ నంబరును రద్దుచేసి, ఆమెకు మరొకటి ఇవ్వవలసి వచ్చింది.

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారు ఈ చిక్కును ముందుగానే తప్పించారు. 1999లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 2606 అనే పత్రం ‘ఎగ్జాంపుల్ డాట్ కామ్’ వంటి చిరునామాలను ఉదాహరణలకే కేటాయించింది కనుక, మాన్యువల్‌లో వాటిని ఎన్నిసార్లు వాడినా ఎవరి సైటుకూ ఇబ్బంది లేదు. ఫోన్ నంబర్ల విషయంలోనూ ఇంతటి జాగ్రత్త అవసరం. తోచిన పది అంకెలు వేస్తే అవి ఏ ఇంటి నంబరో అయి, సంబంధం లేనివారికి ఫోన్లు మొదలవుతాయి.

నమూనా పాతబడుతుంది కూడా. 2019లో ములుగు వేరు జిల్లా అయి 37 కోడ్ పొందింది, 2024 మార్చిలో టీఎస్ స్థానంలో టీజీ వచ్చింది. కనుక అంతకు ముందు అచ్చయిన పత్రాలలోని ఉదాహరణలు కొత్త బండ్లకు వర్తించవు. మనుషుల పేర్లలో మరింత మెలకువ కావాలి. ‘కె. మల్లయ్య’ అనే ఒక్క నమూనాతో సరిపెడితే, లంబాడాలు ఎక్కువగా ఉండే మహబూబాబాద్ తండాలలో బానోత్, గుగులోత్ వంటి ఇంటిపేర్లవారు వాటిని పొడి అక్షరానికి కుదించి రాసే అవకాశం ఉంది. ఆధార్‌లో పూర్తి పేరు ఉంటే రెండూ సరిపోలవు. ఇంటిపేరు పూర్తిగా రాసిన నమూనాను కూడా పక్కనే చూపి, ‘ఆధార్‌లో ఉన్నట్టే రాయండి’ అని కింద ఒక్క వాక్యం చేర్చడం దరఖాస్తు రూపొందించేవారి బాధ్యత.