బొమ్మ చూసి కొనండి!

తెర పెరిగింది, పన్ను తగ్గింది, పెట్టె మీద ఫీచర్ల పట్టిక చాంతాడంత అయింది. మరి కొత్త టీవీకి డబ్బు కట్టేముందు అసలు చూడాల్సిందేమిటి?

కల్లంలో ఆరబోసిన మిర్చిని దోసిట్లోకి తీసుకుని రంగు చూసి, తొడిమ చూసి, తాలు ఎంతుందో చెప్పేస్తారు అద్దంకి చుట్టుపక్కల రైతులు. పత్తిని వేళ్ల మధ్య లాగి పింజ ఎంత పొడవో చెబుతారు. సంచి మీద ఏం రాసుందో వాళ్లకు అనవసరం. లోపలి సరుకు కళ్లతో చూడాల్సిందే. అంత పదునైన చూపున్న మనిషి పంట డబ్బు జేబులో పెట్టుకుని టీవీ కొనడానికి వెళ్లినప్పుడు మాత్రం అట్టపెట్టె మీది అక్షరాలే చూస్తున్నాడు. ఫోర్ కేనా, గూగుల్ ఉందా, మాట చెబితే వినే రిమోట్ ఉందా, డాల్బీ ఉందా అని అడుగుతున్నాడు. బొమ్మ ఎలా ఉంటుందన్న ప్రశ్న చివరికి మిగులుతోంది, ఒక్కోసారి అసలు రానేరావడం లేదు. ఎనిమిదేళ్లో పదేళ్లో ఇంటిల్లిపాదీ చూడబోయేది ఆ బొమ్మనే.

మిగిలిన నాలుగు వేలు

2025 సెప్టెంబరు 22న టీవీల మీద జీఎస్టీ మారింది. అంతకుముందు 32 అంగుళాల దాకా 18 శాతం, అది దాటితే 28 శాతం ఉండేది. ఇప్పుడు ఏ సైజుకైనా 18 శాతమే. పన్ను కలపకముందు 40 వేలున్న 43 అంగుళాల టీవీ అప్పట్లో 51,200 పడేది, ఇప్పుడు 47,200కు వస్తుంది. చేతిలో నాలుగు వేలు మిగిలినట్టే.

ఆ నాలుగు వేల మీదే అందరి కన్నూ. అద్దంకి, ఒంగోలు, చిలకలూరిపేట, ఎక్కడి షాపుకెళ్లినా “ఇంకొంచెం వేసుకుంటే 55 వచ్చేసిద్ది బాబాయ్” అన్న మాట వినపడుతుంది. పెద్ద తెర చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది, తప్పు లేదు. కానీ దాదాపు అదే ధరకు అంత పెద్ద తెర ఇస్తున్నారంటే ఎక్కడో కోత పడి ఉండాలి. ఫీచర్ల పేర్లు పెట్టె మీద కనిపిస్తాయి కాబట్టి వాటిని తగ్గించరు. తెర వెనక వెలుగునిచ్చే ఎల్‌ఈడీ బల్బుల సంఖ్య, వాటి కాంతి, ప్యానెల్ నాణ్యత కొనేవాడికి కనిపించవు. కోత పడేది అక్కడే.

ఏది తర్వాత కొనుక్కోవచ్చు?

టీవీ తయారీ ఖర్చులో సగానికి పైగా ప్యానెల్‌దే. తిరుపతిలో డిక్సన్ సంస్థ రకరకాల బ్రాండ్లకు ఎల్‌ఈడీ టీవీలు తయారుచేసి ఇస్తోంది. అలాంటి ఫ్యాక్టరీలు దేశంలో ఇంకా ఉన్నాయి. బొమ్మకు ప్రాణమైన గాజు ప్యానెల్‌ను, అంటే ‘ఓపెన్ సెల్’ను, మాత్రం ఎక్కువగా చైనా నుంచే తెచ్చుకుంటున్నాం. అందుకే బ్రాండ్ పేరొక్కటే చూస్తే లోపల ఏముందో తెలియదు. ఒకే కంపెనీ, ఒకే సిరీస్‌లో 43 అంగుళాలకు ఒక రకం ప్యానెల్, 50 అంగుళాలకు ఇంకో రకం ఉండటం మామూలే.

ఇక ఫీచర్ల సంగతి. టీవీలోని స్మార్ట్ వ్యవస్థ కొన్నప్పుడు చురుగ్గానే ఉంటుంది. ఒకటిన్నర, రెండు జీబీల ర్యామ్‌తో వచ్చే టీవీలో మూడు నాలుగేళ్లు గడిచేసరికి యాప్‌లు బరువెక్కుతాయి, అప్‌డేట్లు ఆగిపోతాయి, యూట్యూబ్ తెరుచుకోవడానికే ఎదురుచూడాల్సి వస్తుంది. అప్పుడు నాలుగైదు వేల రూపాయలతో ఒక స్ట్రీమింగ్ స్టిక్ తెచ్చి వెనక గుచ్చితే సరిపోతుంది, పాత టీవీ మళ్లీ కొత్త స్మార్ట్ టీవీ అవుతుంది. శబ్దం చాలకపోతే సౌండ్‌బార్ పెట్టుకోవచ్చు. రిమోట్ పోతే ఇంకోటి దొరుకుతుంది. ప్యానెల్ విషయంలో ఆ వెసులుబాటు లేదు. అది పగిలినా, గీత పడినా మార్పించే ఖర్చు చాలాసార్లు కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది. మొదటిరోజు వెలవెలబోయిన బొమ్మను తర్వాత ఎన్ని డబ్బులు పోసినా బాగుచేయలేం. తర్వాత కొనుక్కోగలిగే వాటికోసం, తర్వాత కొనుక్కోలేని దాన్ని వదులుకోకూడదు.

నలుపు నల్లగా ఉందా?

1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైన నాటి నుంచి చాలా ఏళ్లు మన ఇళ్లలో ఉన్నవి పిక్చర్ ట్యూబ్ టీవీలే. బరువుగా, లోతుగా ఉన్నా వాటిలో నలుపు మాత్రం చిక్కగా ఉండేది. ఎల్‌సీడీ తెరలు వచ్చాక పద్ధతే మారిపోయింది. వెనక లైటు ఎప్పుడూ వెలుగుతుంటే, ముందున్న ద్రవ స్ఫటికాలు దాన్ని అడ్డుకోవాలి. పూర్తిగా అడ్డుకోలేకపోతే చీకటి బూడిద రంగులోకి తిరుగుతుంది. మనం ఎల్‌ఈడీ టీవీ అంటున్నది కూడా ఎల్‌సీడీయే, వెనక లైటు ఎల్‌ఈడీ అయింది, అంతే.

అడ్డుకునే తీరును బట్టి ప్యానెళ్లు ప్రధానంగా రెండు రకాలు. ఐపీఎస్ రకంలో నలుపుకూ తెలుపుకూ మధ్య తేడా సుమారు వెయ్యి రెట్లు, వీఏ రకంలో మూడు వేల రెట్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. చీకటి సన్నివేశాల్లో వీఏదే పైచేయి. వెనక లైటును తెరంతా పరిచి, భాగాలుగా విడగొట్టి, చీకటి ఉన్నచోట తగ్గించే టీవీల్లో నలుపు ఇంకా బాగుంటుంది. అలాంటి చిన్న చిన్న బల్బులు వందలు, వేలు పెట్టినవే మినీ ఎల్‌ఈడీలు. ఓలెడ్‌లో వెనక లైటే ఉండదు. ఏ చుక్కకు ఆ చుక్క వెలుగుతుంది, ఆరిపోతుంది. అందుకే దాని చీకటి నిజమైన చీకటి.

తేడా కళ్లారా చూడాలంటే 1957 నాటి ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే సృష్టించిన వెన్నెల నౌకావిహారం పెట్టి చూడండి. రంగులు అద్దినది కాదు, పాత నలుపు తెలుపు ప్రతి. మంచి తెర మీద నీటి మెరుపు, తీరం నీడ, మొహాల మీది వెలుగు వేటికవి విడివిడిగా కనిపిస్తాయి. నాసిరకం తెర మీద ఆ వెన్నెలంతా ఒకే బూడిద రంగు పరదా. కొత్త సినిమా కావాలంటే 2017 నాటి ‘ఘాజీ’ ఉంది. జలాంతర్గామి లోపలి మసక వెలుగులో నావికుల మొహాలు గుర్తుపట్టగలుగుతున్నామా, వెనకున్న పైపులు, మీటలు కనిపిస్తున్నాయా? ఛాయాగ్రాహకులు అంత కష్టపడి పట్టిన వెలుగునీడలు ఇంట్లోకి వచ్చేసరికి పోతుంటే చూసి ఊరుకోబుద్ధి కాదు.

హాల్లో ఎవరెక్కడ కూర్చుంటారు?

అలాగని అందరికీ ఒకే టీవీ చెప్పడం కుదరదు. మన ఇళ్లలో టీవీ ఎదురుగా సోఫాలో ఇద్దరే కూర్చుని చూడరు. నాయనమ్మ పక్కనున్న మంచం మీద, పిల్లలు కింద చాప మీద, వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ, ఒక్కొక్కరిది ఒక్కో కోణం. వీఏ ప్యానెల్‌ను పక్క నుంచి చూస్తే రంగులు పాలిపోతాయి. ఐపీఎస్ ఆ విషయంలో నయం, పక్కకు జరిగినా రంగు నిలబడుతుంది. ఎదురుగా కూర్చుని రాత్రిపూట సినిమాలు చూసే ఇంటికి వీఏ, హాలంతా మనుషులుండే ఇంటికి ఐపీఎస్ అనుకోవచ్చు. షాపులో టీవీకి ఎదురుగా నిలబడి చూశాక నాలుగడుగులు పక్కకు జరిగి మళ్లీ చూస్తే ఈ తేడా వెంటనే తెలిసిపోతుంది.

వెలుగు సంగతీ అంతే. వీధి తలుపు పగలంతా తెరిచి ఉండే హాల్లో, తలుపుకు ఎదురు గోడకు టీవీ ఉంటే, తెరలో వాకిలే కనిపిస్తుంది. అక్కడ కాంతి ఎక్కువున్న తెర, మెరుపు తక్కువగా ఉండే పూత కావాలి. కాంతిని నిట్స్‌లో కొలుస్తారు. చవక టీవీల్లో చాలావాటికి 250, 300 నిట్స్ మించదు. కొనేముందు ఈ అంకె అడగండి.

రోజంతా వార్తా ఛానెల్ నడిచే ఇళ్లవాళ్లు ఓలెడ్ విషయంలో ఇంకోటి ఆలోచించుకోవాలి. కెనడాలోని ఆర్‌టింగ్స్ అనే పరీక్షా సంస్థ 2018లో ఆరు ఓలెడ్ టీవీలను రోజుకు 20 గంటల చొప్పున నడిపి చూసింది. సీఎన్‌ఎన్ వార్తలు పెట్టిన టీవీల తెర మీద కదలకుండా ఉండే లోగో, పట్టీల అచ్చులు శాశ్వతంగా పడిపోయాయి. మన వార్తా ఛానెళ్లలో లోగో, బ్రేకింగ్ పట్టీ, కింద స్క్రోలింగ్ పట్టీ పొద్దున్నుంచి రాత్రిదాకా ఉన్నచోటి నుంచి కదలవు. సినిమాలకు ఓలెడ్‌ను మించింది లేదు. వార్తలకు మాత్రం ఎల్‌ఈడీయే నిశ్చింత.

ఫోర్ కే ఎంతమందికి?

ఫోర్ కే తెరలో దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. కేబుల్‌లో వచ్చే మామూలు ఎస్‌డీ ఛానెల్ బొమ్మలో నాలుగు లక్షల చిల్లర. అంటే ఛానెల్ ఇచ్చే ఒక్కో చుక్కనూ టీవీ ఇరవై చుక్కలుగా తనే ఊహించి నింపాలి. ఆ పని చేసే ప్రాసెసర్ మంచిదైతే బొమ్మ నిలబడుతుంది, నాసిరకమైతే మొహాలు మైనంలా కరుగుతాయి, అక్షరాల అంచులు పాకినట్టుంటాయి. తెర ఎంత పెద్దదైతే ఆ లోపం అంత పెద్దగా కనిపిస్తుంది. పాత టీవీలో బాగానే ఉన్న ఛానెల్ కొత్త 55 అంగుళాల్లో మసకబారిందని చాలా ఇళ్లలో వాపోయేది ఇందుకే.

దూరం లెక్క కూడా చూసుకోవాలి. చూపు బాగున్నవాళ్లకైనా 43 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీకీ ఫోర్ కేకీ తేడా అయిదున్నర అడుగులు దాటితే తెలియదు. 55 అంగుళాలకైతే ఏడడుగులు. మన హాళ్లలో సోఫాకీ టీవీకీ మధ్య ఎనిమిది, తొమ్మిది అడుగులుండటం మామూలు. అక్కడ చుక్కల లెక్క కన్నా నలుపు, రంగు, కాంతి ముఖ్యం. అసలైన ఫోర్ కే సినిమా చూడాలన్నా ఓటీటీలో ఖరీదైన ప్లాను, 15 ఎంబీపీఎస్ దాకా నిలకడైన ఇంటర్నెట్ కావాలి.

పెట్టె మీది పెద్ద మాటలు

హెచ్‌డీఆర్ అని రాసి ఉంటే, టీవీ ఆ సిగ్నల్‌ను తీసుకోగలదని అర్థం. చూపించగలదన్న హామీ అందులో లేదు. వెయ్యి నిట్స్‌కు తయారుచేసిన దృశ్యాన్ని 250 నిట్స్ తెర మీద చూస్తే మెరవాల్సినవి మెరవవు.

క్యూఎల్‌ఈడీలో ఉండేవి క్వాంటమ్ డాట్లు. వాటిని కనుగొన్నందుకు, తయారీకి దారి వేసినందుకు 2023లో ముగ్గురు శాస్త్రవేత్తలకు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. నిజంగానే రంగులు స్వచ్ఛంగా వస్తాయి. నలుపు సంగతి మాత్రం వెనక లైటు చేతిలోనే ఉంటుంది.

‘మోషన్ రేట్ 240’ లాంటి అంకెలు కంపెనీలు పెట్టుకున్నవి. అసలు ప్యానెల్ 60 హెర్ట్జా, 120 హెర్ట్జా అని అడగండి. క్రికెట్‌కూ సినిమాలకూ మంచి 60 హెర్ట్జ్ చాలు. ఇంట్లో గేములాడే పిల్లలుంటే 120 పనికొస్తుంది.

షాపులో పది నిమిషాలు

షాపులో టీవీలన్నీ కళ్లు జిగేల్‌మనే ‘వివిడ్’ మోడ్‌లో ఉంటాయి, కంపెనీ ఇచ్చిన డెమో వీడియో తిరుగుతుంటుంది. అందులో ఏ టీవీ అయినా అందంగానే ఉంటుంది. అందుకని మొదటి మాటగా “ఆ డెమో ఆపి, మన కేబుల్ ఛానెల్ పెట్టబ్బాయ్” అనండి. తర్వాత పిక్చర్ మోడ్‌ను ‘సినిమా’కో ‘ఫిల్మ్‌మేకర్’కో మార్పించండి. మొదట పసుపుగా అనిపిస్తుంది, రెండు నిమిషాల్లో కన్ను అలవాటుపడుతుంది, మనుషుల ఒంటి రంగు సహజంగా కనిపిస్తుంది.

ఇంటి నుంచి ఒక పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. అందులో మూడు ఉంటే చాలు. కల్లంలో మిర్చిని ఎండలో దగ్గరగా తీసిన ఫోటో, ఒక చీకటి సన్నివేశం, ఒక క్రికెట్ ముక్క. మిర్చి ఫోటోలో కాయ మీది ముడతలు, ఎండిన తొడిమ రంగు, మధ్యలో తెల్లబారిన తాలు కాయ విడిగా తెలుస్తున్నాయో లేదో చూడండి. ఎరుపంతా ఒకే ముద్దగా మండుతుంటే ఆ టీవీ రంగును ఎక్కువ చేసి చూపిస్తోందని అర్థం. ఏది నిజమైన ఎరుపో మీకు చెప్పాల్సిన పనిలేదు. చీకటి సన్నివేశంలో తెర మూలల్లో వెలుగు కారుతోందా? క్రికెట్‌లో కెమెరా పక్కకు తిరిగినప్పుడు పచ్చిక మీద మురికి మచ్చల్లాంటివి తేలుతున్నాయా? ఉంటే ఇంకో టీవీ చూపించమనండి.

ఇంటికొచ్చాక చేయాల్సిన పని ఒకటుంది. కదలికను నున్నగా చేసే సెట్టింగ్‌ను సినిమాలప్పుడు ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను అది సీరియల్‌లా మార్చేస్తుంది. 2018 డిసెంబరులో హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి ఒక వీడియో పెట్టి మరీ ప్రేక్షకులను కోరింది ఇదే. టీవీ పాడవకుండా మంచి ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్టర్ కూడా ఉండాలి. వేసవి గాలివానలో ఉరుములు మొదలవగానే ప్లగ్గూ, కేబుల్ తీగా రెండూ పీకేయాలి.

లెక్క ఎలా వేయాలి?

చేతిలో ఉన్న డబ్బును ముందు ప్యానెల్‌కు కేటాయించండి, తర్వాత సైజుకు, మిగిలితే ఫీచర్లకు. 55 అంగుళాల నాసి తెరకూ 43 అంగుళాల మంచి తెరకూ ధర దగ్గరగా ఉంటే 43 తీసుకోండి. ప్యానెల్‌కు వారంటీ ఎన్నేళ్లో, మీ ఊరికి సర్వీసు మనిషి ఎక్కడి నుంచి రావాలో బిల్లు కట్టకముందే అడగండి. ప్యానెల్ ఏ రకమో, ఎన్ని నిట్స్‌దో షాపులో చెప్పలేకపోతే కంపెనీ నంబరుకు ఫోన్ చేయించండి. అదీ కుదరకపోతే ఆ టీవీ కొనకండి, ఇంకో షాపు చూడండి. ఏడాది కష్టాన్ని రూపాయల్లోకి మార్చి తెచ్చుకున్న డబ్బుకు ఆ మాత్రం జవాబు దక్కాల్సిందే.