వాకిటి దిమ్మెలకు సీలర్ పూత: ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు?

ఇంటికి వాకిలి ముఖం వంటిదని మన పెద్దలు భావించేవారు. తెల్లవారగానే ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టే ఆచారం అందువల్లనే మన ఇండ్లలో తరతరాలుగా వస్తున్నది. మట్టి వాకిలికి ఒక తీరు సంరక్షణ, నాపరాళ్ళ వాకిలికి ఒక తీరు, సిమెంటు గచ్చుకు మరొక తీరు. గత రెండు మూడు దశాబ్దాలుగా వీటన్నిటి స్థానాన్నీ ఇంటర్‌లాకింగ్ పేవర్ బ్లాకులు ఆక్రమిస్తున్నాయి. కోల్‌కతా కాలిబాటలు మొదలుకొని ఉద్యోగుల నివాస ప్రాంగణాల వరకు ఎటు చూసినా ఈ రంగు దిమ్మెలే దర్శనమిస్తున్నాయి.

దిమ్మెలతోపాటు ఒక ప్రశ్న కూడా వచ్చి చేరింది. సొంత ఇల్లు కట్టుకున్న సహోద్యోగులు తరచుగా అడిగేది ఇదే: "వాకిట్లో బ్లాకులు పరిపించాం. పైన సీలర్ కొట్టించమంటారా?" సీలర్ అంటే దిమ్మెల పైన పూసే పారదర్శకమైన రసాయన ద్రవం. నీరు పీల్చకుండా, రంగు వెలవకుండా, నూనె మరకలు ఇంకకుండా కాపాడుతుందని విక్రేతలు చెబుతారు. నా అభిప్రాయాన్ని ముందే మనవి చేస్తాను. కోల్‌కతా వంటి ఊరిలో, ఆరుబయట వాకిలికి, చాలా సందర్భాలలో దాని అవసరం లేదు. కొన్ని చోట్ల మేలు చేస్తుంది. వేళా, రకమూ తప్పితే మాత్రం కీడు చేస్తుంది. కారణాలు తెలియాలంటే ఈ దిమ్మెల నడవడిని కొంత తెలుసుకోవాలి.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత నెదర్లాండ్స్‌లో ఇండ్ల పునర్నిర్మాణానికే ఇటుకలు చాలని పరిస్థితి ఏర్పడింది. అంతవరకు వీధులకు ఇటుకలు పరచే అలవాటున్న ఆ దేశీయులు వాటి బదులు కాంక్రీటు దిమ్మెలు పోతపోసి పరచడం మొదలుపెట్టారు. అది నదీముఖ ద్వీపభూమి. రాయి దొరకదు, నేల మెత్తన, ఎప్పుడూ కొద్దికొద్దిగా కుంగుతూ ఉంటుంది. అటువంటి చోట ఏకశిలగా పోసిన కాంక్రీటు బీటలు వారుతుంది. విడివిడి దిమ్మెలనైతే ఎత్తి, ఇసుక సరిచేసి, మళ్ళీ పరచవచ్చు. వంగదేశానిదీ ఇదే కథ. ఇక్కడా రాయి లేదు, ఒండ్రుమట్టి మాత్రం కావలసినంత ఉన్నది. అందుచేతనే బెంగాలు పల్లెబాటలలో ఇటుకలను చేప ఎముకల అల్లికలో పరచి దారులు వేశారు; అతిగా కాలి నల్లబడిన 'ఝామా' ఇటుకను పగులగొట్టి కంకరగా వాడారు. 1825 వరకు డచ్చివారి అధీనంలో ఉన్న చించురా ఇక్కడికి కూతవేటు దూరమే. అయితే ఈ పోలికకు కారణం వారి పాలన కాదు, నేల స్వభావం.

దిమ్మెల వాకిలి బలమంతా దిమ్మెలోనే ఉన్నదని చాలామంది అనుకుంటారు. సగం బలం సందులలో ఉన్నది. దిమ్మెకూ దిమ్మెకూ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల సందు విడిచి, అందులో సన్నని పొడి ఇసుక నింపి, ప్లేట్ వైబ్రేటర్‌తో అదుముతారు. కారు చక్రం ఒక దిమ్మె మీదికి ఎక్కినప్పుడు ఆ ఇసుక రాపిడి వలన బరువు చుట్టుపక్కల దిమ్మెలకు పంచబడుతుంది. ఇసుక కొట్టుకుపోతే దిమ్మె ఒంటరిదై కదలడం ప్రారంభిస్తుంది. అంచున కర్బు లేకపోతే మొత్తం వరుసలే పక్కకు జరుగుతాయి. 2006లో వెలువడి 2021లో సవరణ పొందిన ఐ.ఎస్. 15658 ప్రమాణం ఈ దిమ్మెలకు సంబంధించినది. తేలికపాటి వాహనాలు తిరిగే చోటికి 60 మి.మీ. మందం, ఎం-35 శ్రేణి కాంక్రీటు ఉండాలనీ, దిమ్మె పీల్చే నీరు సగటున బరువులో 6 శాతం మించరాదనీ 2006 నాటి పాఠం నిర్దేశించింది. అంటే మంచి దిమ్మె స్వతహాగానే నీటిని అంతగా పీల్చదు. ఎక్కువగా పీల్చే నాసిరకం దిమ్మెకు పూత పూస్తే లోపం మరుగున పడుతుందే తప్ప బలం పెరగదు.

ఇక మన ఊరి సంగతి. కోల్‌కతా అడుగున దళసరి బంకమట్టి పొర ఉన్నది. ఏటా 1600 మి.మీ. పైబడిన వాన, అందులో అధికభాగం జూన్ రెండవ వారానికీ అక్టోబరు రెండవ వారానికీ నడుమనే కురుస్తుంది. వానకాలంలో భూమిలోని తేమ మట్టం పైకి వచ్చి వాకిలి అడుగును తాకుతూ ఉంటుంది. ఇక్కడి పాత ఇండ్ల గోడలకు నడుము ఎత్తున పట్టే ఉప్పుచెమ్మను బెంగాలీలు 'నోనా ధరా' అంటారు. అద్దె ఇంట్లో ఉన్న ప్రతి తెలుగు కుటుంబానికీ అది పరిచితమే. గోడలోకి పాకే ఆ తేమే వాకిలి దిమ్మెలలోకీ పాకుతుంది. కాబట్టి ఇక్కడ నీరు పైనుంచే కాక కిందినుంచి కూడా వస్తుంది. సీలర్ కొనేవారు మొదటిదాన్ని చూస్తారు, రెండవదాన్ని మరచిపోతారు.

బజారులో లభించే సీలర్లు స్థూలంగా రెండు జాతులు. మొదటి జాతి పైపొరగా నిలిచేది. అక్రిలిక్, పాలీయురిథేన్ పూతలు ఈ కోవకు చెందుతాయి. తడిసినట్టుగా నిగనిగలాడే మెరుపునిచ్చేవి ఇవే. ఎక్కువగా అమ్ముడయ్యేవీ ఇవే. రెండవ జాతి లోనికి ఇంకేది. సైలేన్, సైలాక్సేన్ అనే సిలికాన్ సంబంధమైన పదార్థాలు కాంక్రీటు రంధ్రాల లోపలి గోడలకు అతుక్కొని, తామరాకు మీది నీటిబొట్టు వలె నీటిని వికర్షింపజేస్తాయి. ఇవి రంధ్రాన్ని పూడ్చవు కనుక లోపలి ఆవిరి బయటికి పోగలుగుతుంది. మెరుపు ఉండదు. పూసినట్టే కనబడదు కాబట్టి కొన్నవారికి తృప్తి కూడా ఉండదు!

మెరుపు మీది మోజు ఏమి చేస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. నగరపు దక్షిణ శివారులోని ఒక నివాస సముదాయంలో మా సహోద్యోగి ఒకరు ఉంటున్నారు. అక్కడి ఉమ్మడి వాకిలికి ఒక ఏడాది సెప్టెంబరులో, దుర్గాపూజకు ముందు ముస్తాబు కావాలని, మెరుపు సీలర్ పూయించారు. పది రోజులు అద్దంలా ఉన్నది. ఆ తరువాత అక్కడక్కడ పాలు ఒలికినట్టు తెల్లని మచ్చలు తేలాయి. కింది నుంచి వచ్చిన తేమ పూత అడుగున చిక్కుకుని, దానిని తెల్లబరచి, పొక్కులుగా లేపింది. అంతటితో పోయినా బాగుండేది. ధనుర్మాసం వచ్చింది. సహోద్యోగి తల్లిగారు శ్రీకాకుళం వైపువారు, డెబ్భై ఏళ్ళు దాటినవారు. మంచు కురిసిన తెల్లవారుజామున కళ్ళాపి చల్లి, ముగ్గుబుట్ట పట్టుకొని రెండడుగులు వేయగానే కాలు జారింది. మణికట్టు ఎముక విరిగింది. చూడబోయినప్పుడు ఆవిడ కట్టు కట్టిన చేయి చూపించి, "నేలకి నెయ్యి రాసినట్టు రాసీసినారు బాబూ, ఏటి సెయ్యను?" అన్నారు. ఇంజనీరింగు నివేదికలో నాలుగు పేరాలు పట్టే విషయాన్ని ఆవిడ ఒక్క మాటలో చెప్పారు. తరువాత ఆ పూతను ద్రావకాలు పట్టించి, గుడ్డలతో రుద్ది తీయించారు. తీసే ఖర్చు పూసిన ఖర్చును మించిపోయింది.

ఆరుబయట, ముఖ్యంగా పెద్దవారూ పిల్లలూ నడిచే చోట, పైపొర జాతి పూతను నేను సిఫారసు చేయను. గరుకుదనం కోసం అందులో కలిపే సన్నని పొడులు ఉన్నాయి గాని, కింది తేమ సమస్యకు అవి మందు కావు.

కొత్త దిమ్మెల మీద కనబడే తెల్లని పొడి వేరే సంగతి. సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలైన సున్నం నీటిలో కరిగి పైకి వచ్చి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి సున్నపురాయిగా మారడమే దానికి కారణం. ఇది లోపం కాదు. కొన్ని నెలల వానకు, రాకపోకలకు క్రమంగా అదే తగ్గిపోతుంది. ఆ గడువు రాకముందే సీలర్ పూస్తే తెలుపు పూత కింద శాశ్వతంగా ఉండిపోతుంది. కనుక కొత్త వాకిలికి ఒక వానకాలం గడవనివ్వడం ఉత్తమం. ఎర్రరంగు వెలిసిపోయిందని పలువురు చేసే ఫిర్యాదు కూడా చాలావరకు ఈ సున్నపు తెర వల్లనే. ఇనుప ఆక్సైడు రంగులు ఎండకు తేలికగా వెలవవు.

మరి సీలర్ ఎక్కడ ఉపయోగం? కారు నిలిపే పోర్టికోలో, స్కూటరు స్టాండు వేసే మూలలో, పెరటిలో వంట చేసే చోట. ఇంజను ఆయిలు, పసుపు, నూనె మరకలు ఇంకకుండా అక్కడ ఇంకే జాతి సీలర్ కొంత తోడ్పడుతుంది. ప్రత్యేకించి నూనెను కూడా అడ్డగించేదని తయారీదారు పేర్కొన్న రకాన్ని ఎంచుకోవాలి. సామాన్య రకాలు నీటినే ఆపుతాయి. అయితే ముందు దిమ్మె మీద నాలుగు నీటిచుక్కలు వేసి చూడండి. చుక్కలు ముత్యాల్లా నిలిచి ఉంటే సీలర్ అక్కరలేదు. రబ్బరు అచ్చులలో పోసిన నునుపు దిమ్మెలు చాలావరకు ఇలాగే ఉంటాయి. వాటిలోకి సీలర్ ఇంకదు కూడా. చుక్కలు త్వరగా ఇంకిపోతే అప్పుడు ఆలోచించవచ్చు.

పూయడానికి మన ఊరిలో అనువైన కాలం నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు. ఆ రోజుల్లో కూడా ఉదయపు మంచు ఆరేవరకు ఆగి, పది గంటల తరువాత మొదలుపెట్టి, సాయంకాలపు చెమ్మ దిగేలోగా పూత ఆరేటట్టు ముగించాలి. దిమ్మెలో తేమ ఉన్నదా లేదా అన్నది కంటికి తెలియదు. ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథీన్ షీటును నాలుగంచులా టేపుతో నేలకు అతికించి, 16 గంటల తరువాత ఎత్తి చూడండి. అడుగున చెమర్చినా, దిమ్మె నల్లబడినా పని వాయిదా వేయవలసిందే. వాకిలంతా పూయకముందు కంటబడని మూల ఒక చదరపు మీటరులో పూసి చూస్తే ఎంత ద్రవం పడుతుందో, రంగు ఎలా మారుతుందో కూడా తెలుస్తుంది.

భద్రత విషయం మన సంస్థలో ఎవరికీ కొత్త కాదు. అయినా ఇంటి దగ్గర మరచిపోతుంటాం. చాలా సీలర్లలో జైలీన్ వంటి మండే ద్రావకాలు ఉంటాయి. తలుపులు మూసిన పోర్టికోలో పూయరాదు. కాళీపూజ, దీపావళి దినాలలో ప్రమిదలు, బాణసంచా ఉండే వాకిట్లో ఆ పని అసలే పెట్టుకోరాదు.

కోల్‌కతా వాకిలికి అసలు శత్రువు నూనె మరక కాదు, నాచు. బెంగాలీలు దీనిని 'శ్యావలా' అంటారు. సీలర్ వేస్తే నాచు పట్టదని చెప్పేవారి మాట సగమే నిజం. నీడ, తేమ, దుమ్ము ఉన్నచోట పూత మీద కూడా అది పెరుగుతుంది. బ్లీచింగ్ పౌడరు నీళ్ళు చల్లి, కొంతసేపు ఉంచి, గట్టి చీపురుతో రుద్ది కడగడమే సులభమైన మార్గం. స్నానాలగదికి వాడే ఆసిడ్ సిమెంటును తినివేస్తుంది కనుక దానిని వాకిట్లోకి తేవద్దు. ఆ ఆసిడ్, బ్లీచింగ్ పౌడరు ఒకదానితో ఒకటి కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. ఇది ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా విడమరచి చెప్పవలసిన విషయం. ప్రెషర్ పంపుతో కడిగించేవారు నీటిధారను సందులకు ఎదురుగా పెట్టకుండా ఏటవాలుగా పట్టించాలి. లేకపోతే నాచుతోపాటు ఇసుక కూడా పోతుంది. కడిగి ఆరిన తరువాత సందులలో మళ్ళీ పొడి ఇసుక ఊడ్చి నింపడం తప్పనిసరి. డాబా నీటి గొట్టం నేరుగా దిమ్మెల మీద పడుతుంటే ఎన్నిసార్లు నింపినా ప్రయోజనం ఉండదు. మొదట ఆ గొట్టాన్ని కాలువలోకి మళ్ళించాలి. సీలర్ కోసం ప్రత్యేకించిన సొమ్ము ఈ పనికి వెచ్చిస్తే వాకిలి ఆయుర్దాయం ఎక్కువ పెరుగుతుందని నా నమ్మకం.

ఇసుకను జిగురుగా పట్టి ఉంచే పాలిమర్ ఇసుక కూడా ఇప్పుడు వస్తున్నది. నీరు నిలవని చోట మంచిదే. గట్టిపడకముందు వాన కురిస్తే జిగురు దిమ్మెల పైకి తేలి తెల్లని పొరగా అంటుకుంటుంది. వానకాలంలో దాని జోలికి పోకూడదు.

సందులు పూర్తిగా మూసివేస్తే వాననీరు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న కూడా ఉన్నది. ఇక్కడి బంకమట్టి పొర కారణంగా సందుల గుండా ఇంకిన నీరు లోతైన భూగర్భజలాన్ని చేరుతుందని చెప్పలేము. కొందరు చేసే ఆ ప్రచారం ఈ ఊరికి అంతగా వర్తించదు. కాని ఆ కాస్త నీరు కాలువలపై భారాన్ని తగ్గిస్తుంది, చెట్ల వేళ్ళకు అందుతుంది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించవలసిందిగా ఆదేశించింది. 2020 మే 20న వచ్చిన ఆంఫన్ తుపానుకు కోల్‌కతాలో వేల వృక్షాలు కూలినప్పుడు, మొదళ్ళ చుట్టూ ఉక్కిరిబిక్కిరిగా కాంక్రీటు పరచిన సంగతి ఇక్కడ కూడా చర్చకు వచ్చింది. మామిడి, వేప ఉన్న వాకిట్లో మొదలు చుట్టూ ఒక మీటరు మట్టి విడిచి, ఆ అంచుకు కర్బు కట్టించండి.

ఇంటి ఇల్లాళ్ళు అడిగే ముగ్గు ప్రశ్న ఒకటి మిగిలింది. సీలర్ లేని దిమ్మెల మీద ముగ్గు పిండి రంధ్రాలలో చిక్కుకొని ఒక పట్టాన పోదన్నది నిజమే. తడిపి రుద్దితే రెండు మూడు రోజులకు పోతుంది. దానికోసం వాకిలంతా పూత వేయనవసరం లేదు. బియ్యప్పిండితో పెట్టే ముగ్గుకూ, బెంగాలీలు బియ్యం రుబ్బి వేసే ఆల్పనాకూ చీమలు వస్తాయి. చీమలకు అన్నం పెట్టడం పుణ్యమే. అయితే అవి భోజనం ముగించి అదే సందులో ఇల్లు కట్టుకొని, ఇసుకను రేణువు రేణువుగా పైకి తోడిపోస్తాయి. గుమ్మం ముందు అటువంటి చిన్న ఇసుక కుప్పలు కనబడితే వాటిని ఊడ్చి పారవేయకుండా, తిరిగి ఆ సందులోకే ఊడ్చివేయండి.