ఇంటి తిండిపై రైతు అధికారము

వాన రైతు చేతిలో లేదు. సంతలో ధర రైతు చేతిలో లేదు. కాని తన ఇంట ఏమి వండవలెనో, ఎంత తినవలెనో నిర్ణయించు అధికారము ప్రతి రైతు కుటుంబమునకు కలదు. ఈ అధికారమును చాలమంది వినియోగించుకొనుట లేదు. కందులు, పెసలు, కూరగాయలు పండించి సంతకు తోలి, ఇంట తెల్లని అన్నము, ఊరగాయతో సరిపెట్టుకొనుచున్నారు. జొన్న, రాగి, కొర్ర తిన్న మెట్ట ప్రాంతములలో కూడ నేడు బియ్యమే ముఖ్యాహారమైనది. యంత్రములు వచ్చి ఒంటి శ్రమ తగ్గినది గాని అన్నము తగ్గలేదు. మధుమేహము, రక్తపు పోటు పట్టణవాసుల జబ్బులన్న మాట నేడు చెల్లదు.

తెల్లబియ్యములో లోపమేమి?

బియ్యమునకు పాలిషు పట్టిన కొలది తవుడుతో పాటు పీచు, బి1 విటమిను పోవును. మిగిలినది చాల వరకు పిండిపదార్థమే. అది త్వరగా జీర్ణమై రక్తములో చక్కెరను వేగముగా పెంచును. గంజి వార్చి పారబోసినచో ఉన్న కొద్ది విటమినులు కూడ నష్టమగును. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉండగా, అంతే బియ్యములో 10 మిల్లీగ్రాములకు మించి ఉండదు. ధాన్యముల నుండి లభించు శక్తి రోజు మొత్తములో 45 శాతమునకు మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించినది.

ఆచరించవలసిన పద్ధతులు

1. పొలము ఖర్చు వ్రాసినట్లే, ఒక వారము ఇంటిల్లిపాది తిన్నది పుస్తకములో వ్రాయుడు. లోపము మీకే తెలియును.

2. పంట అమ్మకముందే ఇంటి భాగము తీసి ఉంచుడు. రోజుకు 300 గ్రాముల పప్పు వాడు కుటుంబమునకు ఏడాదికి సుమారు 110 కిలోల పప్పు, అనగా ఒకటిన్నర క్వింటాళ్ల కందులు చాలును.

3. కంచములో సగము కూరలు, ఆకుకూరలు ఉండవలెను. నిదానముగా నమిలి తినవలెను. మారు అన్నము పెట్టించుకొనుటకు ముందు ఆకలి తీరినదో లేదో గమనించవలెను.

4. చివర తిను ఇల్లాలికి చాల ఇండ్లలో కూర మిగులదు. ఆమె వాటా ముందే తీసి ఉంచవలెను.

5. మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించరాదు. నలుగురికి నెలకు 600 గ్రాములు. ఊరగాయలలో, అప్పడములలో ఉన్న ఉప్పు కూడ ఈ లెక్కలోనిదే.

6. ఆకుకూరపై నిమ్మరసము పిండినచో అందలి ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనముతో టీ త్రాగరాదు.

మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుని సలహాతోనే ఆహారము మార్చుకొనవలెను.

అన్నియు ఒక్కసారి మార్చనక్కరలేదు. ముందుగా రోజుకు ఒక పూట రాగి సంకటి గాని జొన్నరొట్టె గాని తినుడు. రాబోవు పంటకాలమునకు విత్తనము ఎంచునపుడే ఇంటికి కావలసిన పప్పు, ఆకుకూరలు, చిరుధాన్యములకు కొంత నేల కేటాయించుడు. బజారు ధర ఎట్లున్నను ఆ పంట మీ ఇంటి ఆరోగ్యమునకు అక్కరకు వచ్చును.