పెట్టెలో తారీఖు తప్పింది.. తెరంతా ఎర్రబడింది!

బళ్లారి: టీవీలో సీరియల్ నడుస్తోంది. ఫోన్లో వాట్సప్ మోగుతోంది. ఇంట్లో నెట్ భేషుగ్గా ఉంది. రౌటర్ పక్కనున్న చిన్న పెట్టె మాత్రం ‘అన్నీ పడిపోయాయ్’ అంటూ వరసగా ఎర్ర గుర్తులు చూపిస్తోంది. సత్యనారాయణపేటలోని ఓ రిటైర్డు అయ్యవారి ఇంట్లో మూడు రోజులు నడిచిన తంతు ఇది.

ఇంట్లో ఉండేది భార్యాభర్తలిద్దరే. కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. నెట్ ఉందా, గేటు కెమెరా పనిచేస్తోందా అని ఎప్పటికప్పుడు తెలుసుకోవడానికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొని, అందులో అప్‌టైమ్ కుమా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి పెట్టింది. ఏదైనా ఆగిపోతే ఆమె ఫోనుకు కబురు వెళ్లాలి. నాన్నకు రక్తపోటు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆ కబురే ఆమెకు ధైర్యం.

పెద్దాయన దంపతులు మూడు వారాలు కూతురి దగ్గరికెళ్లారు. వెళ్తూ మెయిన్ ఆపేశారు. తిరిగొచ్చి స్విచ్ వేశాక అన్నీ లేచాయి. కూతురికి మాత్రం కబుర్లు రావడం లేదు. కేబుల్ నెట్ కుర్రాడొచ్చి సెట్టింగ్స్‌లో ‘ఇగ్నోర్ టీఎల్ఎస్ ఎర్రర్’ అన్నచోట టిక్కు పెట్టి చూశాడు. లాభం లేదు. పైగా ఆ టిక్కు అలాగే ఉండిపోతే రేపు నిజంగానే ఎవరో దొంగ పేజీ పెట్టినా సాఫ్ట్‌వేర్ కిమ్మనదు. తాళం పట్టలేదని తలుపే పీకేసినట్టు!

మూడో రోజు కౌల్‌బజార్ నుంచి వచ్చిన కంప్యూటర్ మెకానిక్ తెర చూసి, కెమెరా ఒక్కటే పచ్చగా ఉండటం గమనించాడు. కెమెరా ఉందో లేదో కనుక్కోవడానికి సాఫ్ట్‌వేర్ ఉత్త ‘పింగ్’ కొడుతుంది. దానికి పేరూ అక్కర్లేదు, సర్టిఫికెట్టూ అక్కర్లేదు. అవి కావాల్సినవే ఎర్రబడ్డాయి.

“సార్, ముందు దీంట్లో తారీఖు ఎంతుందో చూద్దాం”

“ఏమప్పా, టైము తప్పితే నెట్ పోతుందా?” అన్నారు అయ్యవారు.

పెట్టెలో తారీఖు సరిగ్గా 21 రోజులు వెనకుంది.

గడియారం లేని కంప్యూటర్

మామూలు కంప్యూటర్లో రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేకున్నా టైము నడిపిస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 4 వరకు వచ్చిన మామూలు బోర్డుల్లో ఆ ఏర్పాటే లేదు. 2023లో వచ్చిన 5లో గడియారం ఉంది గానీ బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. పాత బోర్డు ఆగిపోయే ముందు టైము రాసిపెట్టుకుని, లేచాక అక్కడి నుంచే లెక్క మొదలెడుతుంది. ఆపైన నెట్‌లో అడిగి సరిచేసుకుంటుంది.

చిక్కంతా ఇక్కడే పడింది. టైము చెప్పే సర్వరు పేరుకు అడ్రసు కావాలి. ఆ అడ్రసు చెప్పే డీఎన్ఎస్‌ను ఎవరూ తొంగిచూడకుండా కూతురు సురక్షిత కనెక్షన్ మీద పెట్టింది. సురక్షిత కనెక్షన్‌కు అవతలివాళ్ల సర్టిఫికెట్ తేదీ సరిపోవాలి. సర్టిఫికెట్ అంటే గుర్తింపు కార్డు లాంటిదే. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుంది. ఈ మూడు వారాల్లో డీఎన్ఎస్ సంస్థ కొత్త కార్డు తీసుకుంది. వెనకబడ్డ పెట్టెకు అది ఇంకా పుట్టని కార్డు! టైము లేక కనెక్షన్ లేదు, కనెక్షన్ లేక టైము లేదు. టీవీకి, ఫోన్లకు రౌటరే అడ్రసులు చెబుతుంది కాబట్టి వాటికి ఏ ఇబ్బందీ రాలేదు.

తెరమీద కనిపించింది ‘పేరు దొరకలేదు’ అన్న ముక్కే. ‘సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు’ అన్న అసలు మాట డీఎన్ఎస్ లాగ్‌లో ఉంది. అంతదూరం తవ్వేవాళ్లు తక్కువ.

మెకానిక్ తారీఖు చేత్తో సరిచేశాడు. నిమిషంలో అన్నీ పచ్చబడ్డాయి. టిక్కు తీసేశాడు. మళ్లీ ముడి పడకుండా టైము సర్వరును పేరుతో కాక అంకెలతో ఇచ్చాడు. బిళ్ల బ్యాటరీతో నడిచే డీఎస్3231 గడియారం ముక్క తగిలిస్తే నెట్ లేకున్నా టైము ఉంటుందని చెప్పాడు.

ఇలాంటి తంటాలు ముందుముందు పెరిగేలా ఉన్నాయి. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకు అప్పటిదాకా ఉన్న 398 రోజుల గరిష్ఠ గడువును తగ్గించాలని బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో తీర్మానించాయి. 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029 మార్చికి 47. కార్డులు తరచూ మారితే వెనకబడ్డ గడియారం అంత త్వరగా దొరికిపోతుంది.

గుంతకల్లులో ఆగిన వేలు

ఇంకో ముచ్చట ఉంది. ఆ పెట్టె పేజీని ఫోన్లో తెరిస్తే ‘మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు’ అని హెచ్చరిక వచ్చేది. కూతురు తనే తయారుచేసుకున్న సర్టిఫికెట్‌ను బ్రౌజర్ ఎరగదు. పైగా 192.168తో మొదలయ్యే ఇంటి అడ్రసులకు బయటి సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వవు. “అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్లు నాన్నా” అని ఆమే నేర్పింది. సొంత ఇంట్లో, సొంత పెట్టెకు అది సరే. వేలికి మాత్రం అలవాటైపోయింది.

ఓసారి గుంతకల్లు స్టేషన్‌లో ఉచిత వైఫై పట్టి, లాగిన్ కాకముందే పింఛను చూసుకుందామని బ్యాంకు పేజీ తెరిచారు అయ్యవారు. అదే తెర వచ్చింది. వేలు అడ్వాన్స్‌డ్ దగ్గరికే వెళ్లింది. లాగిన్ పేజీకి మళ్లించాలని వైఫై మధ్యలో దూరడంతో బ్రౌజర్‌కు బ్యాంకు కార్డు బదులు ఇంకెవరిదో కనిపించింది. ఆ బ్యాంకు పేజీకి ‘ముందుకు’ అన్న దారే లేకుండా మూసి ఉండటంతో పాస్‌వర్డ్ కొట్టే అవకాశం రాలేదు. అన్ని పేజీలకూ ఆ కాపలా ఉండదు.

సంగతి తెలిశాక కూతురు ఒక డొమైన్ పేరు కొని, ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ పెట్టెకు పెట్టింది. ఇంట్లో ఇప్పుడు హెచ్చరిక రాదు. బయట ఎక్కడ వచ్చినా ఫోను జేబులో పెట్టేసి తనకు కాల్ చేయాలని నాన్న దగ్గర మాట తీసుకుంది.

గడియారం ముక్క కూడా వచ్చింది. బ్యాటరీ వేసిన తారీఖును అయ్యవారు వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాసుకున్నారు.