లేఆఫ్‌ల కాలంలో నెట్‌వర్క్ ఉద్యోగం: ముందుగా తెగే తీగ ఎవరిది?

వాడలో మొదటి ఇంజనీరింగ్ పట్టా తెచ్చుకున్న కుర్రాడు అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సులో చేరాడంటే, ఆ ఇంట్లో ఎన్ని లెక్కలు వేసుకుని ఉంటారో మనకు తెలుసు. కోచింగ్ ఫీజు, హాస్టల్ అద్దె, ఆపైన సిస్కో సీసీఎన్ఏ పరీక్షకు 300 డాలర్లు. అంటే పాతిక వేల రూపాయల పైమాటే. ఆ సర్టిఫికెట్ చెల్లేది మూడేళ్లు మాత్రమే. ఈలోగా ఉద్యోగం దొరక్కపోతే సర్టిఫికెట్‌కు గడువు తీరుతుంది గానీ తెచ్చిన అప్పుకు తీరదు.

ఇప్పుడు కాలం అలాగే ఉంది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్‌లో 13,249 మంది, ఇన్ఫోసిస్‌లో 25,994 మంది, విప్రోలో 24,516 మంది ఉద్యోగులు తగ్గారు. నెట్‌వర్క్ పరికరాలకు పెట్టింది పేరైన సిస్కో 2024లోనే రెండుసార్లు కోతలు ప్రకటించింది. ఫిబ్రవరిలో 5 శాతం, ఆగస్టులో 7 శాతం. 2025 జూలైలో టీసీఎస్ 12 వేలకు పైగా ఉద్యోగాలు తీసేస్తామంది. ఈ అంకెల్లో కులం కనిపించదు. కానీ కోత ఎక్కడ మొదలవుతుందో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది.

కింది మెట్టు మీదే మొదటి దెబ్బ

నెట్‌వర్క్ పనిలో మెట్లున్నాయి. ఎల్1 ఇంజనీరు రాత్రింబవళ్లు షిఫ్టుల్లో స్క్రీన్ల ముందు కూర్చుంటాడు. ఎక్కడో లింకు పడిపోతే టికెట్ తెరుస్తాడు, తనకు తెలిసినంత సరిచేస్తాడు, తెగకపోతే పైవాళ్లకు పంపుతాడు. ఎల్2 లోపం కనిపెట్టి బాగుచేస్తాడు. ఎల్3 మొత్తం నెట్‌వర్క్‌ను రూపొందిస్తాడు.

కొత్తవాళ్లకు దొరికేది ఎల్1. ఇప్పుడు యంత్రం లాక్కుంటున్నదీ అదే. లింకు పడిపోతే టికెట్ దానంతటదే తెరుచుకుంటోంది. వంద రౌటర్లలో ఒక్కొక్కటిగా చేసే మార్పును ఒక్క పైథాన్ స్క్రిప్టు చేసేస్తోంది. కంపెనీలు తమ సర్వర్లను క్లౌడ్‌కు మార్చేకొద్దీ ఆఫీసులో పరికరాలూ తగ్గాయి, వాటిని చూసుకునే మనుషులూ తగ్గారు.

పైగా ఈ ఉద్యోగాల్లో చాలా వాటికి జీతమిచ్చేది ఒకరు, పని చేయించుకునేది మరొకరు. క్లయింటు ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే ముందు కాంట్రాక్టు మనిషిని ఆపేస్తాడు. అది లేఆఫ్ లెక్కలోకి కూడా రాదు, పేపర్లలోనూ రాదు.

రిఫరల్ అనే గోడ

మంచి రోజుల్లో కంపెనీలు క్యాంపస్‌లకు వస్తాయి, వాక్-ఇన్‌లు పెడతాయి. తలుపు కొంచెమైనా తెరుచుకుని ఉంటుంది. మాంద్యంలో అవి ఆగిపోతాయి. ఉన్న కాసిని ఖాళీలు లోపలి ఉద్యోగుల సిఫార్సులతో నిండుతాయి. లోపల మన బాబాయో, మేనమామో, కాలేజీ సీనియరో ఉంటే కదా మన పేరు చెప్పేది? తొలితరం చదువుకు ఆ చుట్టరికం ఉండదు. అందుకే మాంద్యం అందరినీ సమానంగా తాకదు.

ఇది మన అనుమానం మాత్రమే కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు కులాల, మతాల పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు తక్కువని తేలింది. అదే ఏడాది సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడితే, వాళ్లు అభ్యర్థి ‘కుటుంబ నేపథ్యాని’కి విలువిస్తామన్నారు. ‘మీ నాన్న ఏం చేస్తారు?’ అనే ప్రశ్న దగ్గర మన పిల్లలు ఎందుకు తడబడతారో వేరే చెప్పాలా?

లోపలికి వెళ్లాక కూడా కులం వదలదు. దళిత ఇంజనీరు పట్ల వివక్ష జరిగిందంటూ 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో మీద దావా వేసింది. కంపెనీ ఆరోపణలను ఖండించింది. ఇద్దరు ఇంజనీర్లపై కేసును ఆ విభాగం 2023లో ఉపసంహరించుకుంది గానీ కంపెనీపై వదల్లేదు. కులవివక్షను నిషేధిస్తూ 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం చట్టం చేసింది. ఇక్కడ మాత్రం ప్రైవేటు ఉద్యోగాల్లో మనకు రిజర్వేషన్ లేదు. రిజర్వేషన్ ఉన్న టెలికం ఉద్యోగాలూ కరిగిపోయాయి. స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో 2020 జనవరి 31న ఒక్క బీఎస్ఎన్ఎల్ నుంచే 78 వేల మందికి పైగా బయటికి వెళ్లారు.

రాజీనామా రాయకముందు

‘నువ్వే రిజైన్ చేస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ శుభ్రంగా ఇస్తాం’ అని హెచ్ఆర్ అంటే తొందరపడొద్దు. రాజీనామా ఇచ్చాక అది తొలగింపేనని నిరూపించడం, నష్టపరిహారం అడగడం కష్టమవుతుంది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏడాది నిరంతరాయంగా పనిచేసిన కార్మికుడిని తీసేయాలంటే నెల నోటీసో, ఆ నెల జీతమో ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. అంతకుముందు 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఈ రక్షణ ఉండేది. కార్డు మీద ‘ఇంజనీర్’ అని ఉన్నంత మాత్రాన ఈ హక్కు పోదు. చేసేది సాంకేతిక పనా, మేనేజర్ పనా అన్నదే చూస్తారు. ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, హెచ్ఆర్ మెయిళ్లు ముందే దాచుకోవాలి.

ఇంకో ఉచ్చు బ్యాక్‌డోర్ ఉద్యోగం. లక్షలు కట్టించుకుని దొంగ అనుభవ పత్రం చేతిలో పెడతారు. పీఎఫ్ యూఏఎన్ నంబరు తీస్తే ఎప్పుడు, ఎక్కడ పనిచేశామో బయటపడుతుంది. డబ్బూ పోతుంది, పేరూ పోతుంది.

ఖాళీగా ఉన్న నెలల్లో క్లౌడ్ నెట్‌వర్కింగ్, సెక్యూరిటీ, కొంచెం పైథాన్ నేర్చుకోవడం మంచిదే. ప్రాక్టీసుకు ఖరీదైన రౌటర్లు అక్కర్లేదు, సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగానే దొరుకుతుంది. కానీ నైపుణ్యం ఒక్కటే సరిపోతే పై అధ్యయనాల్లో ఆ తేడా వచ్చేదే కాదు. ఇప్పటికే లోపలున్న మనవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది. కంపెనీలో ఖాళీ పడితే ముందు మన పిల్లలకు చెప్పండి, వాళ్ల రెజ్యూమె మీ చేతులతో లోపలికి పంపండి. అవతలివాళ్లు తరతరాలుగా చేస్తున్నది అదే, దానికి మెరిట్ అని పేరు పెట్టుకున్నారు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ కోసం, కులవివక్షను నిషేధించే చట్టం కోసం కొట్లాట ఎలాగూ సాగాలి. అది గెలిచే దాకా మన పిల్లలకు రిఫరల్ మనమే కావాలి.