లెక్కలో ఉండి ఓటులో లేనివారు

ఒక ప్రాంతపు మొత్తం జనాభాలో ఆ దేశ పౌరసత్వం కలిగి, 18 ఏళ్లు నిండినవారు నూటికి ఎందరో తెలిపే సంఖ్యనే ఓటు వయసు పౌరుల వాటా అంటారు. ఇది ప్రాంతాన్ని బట్టి మారడానికి ముఖ్య కారణాలు రెండు: పిల్లల సంఖ్య, పౌరులు కానివారి సంఖ్య. 2011 జనగణన నాటికి ఆరేళ్లలోపు పిల్లలు కేరళ జనాభాలో సుమారు 10 శాతం కాగా బీహార్‌లో సుమారు 18 శాతం ఉన్నారంటే, మొదటి కారణం ఒక్కటే ఎంత తేడా తేగలదో గ్రహించవచ్చు.

అమెరికాలో రెండో కారణమూ బలమైనదే. పదవీ విరమణ చేసినవారు వచ్చి స్థిరపడిన ఫ్లారిడాలోని సమ్టర్ కౌంటీలో సగానికి పైగా జనం 65 ఏళ్లు దాటినవారు కావడంతో ఈ వాటా చాలా ఎక్కువగా ఉంటుంది. చిన్నపిల్లల కుటుంబాలూ వలస వచ్చినవారూ ఎక్కువగా ఉన్న దక్షిణ టెక్సస్‌లో అది తగ్గిపోతుంది.

డాలస్ శివార్లలో హెచ్-1బి ఉద్యోగ వీసాపై ఉంటున్న తెలుగు దంపతులకు వయసు ఉంది, పౌరసత్వం లేదు. అక్కడే పుట్టిన వారి పిల్లలకు పౌరసత్వం ఉంది, వయసు లేదు. జనగణన ఆ ఇంట్లో అందరినీ లెక్కిస్తుంది గాని, ఈ వాటాలో ఒక్కరూ చేరరు. ఆ దంపతులకు పౌరసత్వం రావాలంటే ముందు శాశ్వత నివాసానికి అనుమతించే గ్రీన్ కార్డు రావాలి; ఉద్యోగ, కుటుంబ కోటాల కింద ఏటా ఇచ్చే ఆ కార్డులలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించి దక్కకూడదన్న పరిమితి వల్ల వాటి కోసం భారతీయుల నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతోంది.

మొత్తం జనాభాకూ ఓటర్లకూ మధ్య ఉన్న ఈ తేడాయే కోర్టుకెక్కింది. టెక్సస్ రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాల మధ్య మొత్తం జనాభాలో గరిష్ఠ వ్యత్యాసం 8 శాతమే అయినా, ఓటర్లనే లెక్కిస్తే అది 40 శాతం దాటుతుందనీ, దానివల్ల కొందరి ఓటు విలువ తగ్గుతోందనీ పిటిషనర్లు వాదించారు. ఎవెన్‌వెల్ కేసుగా పేరొందిన ఈ వ్యాజ్యంలో 2016లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను ఏకగ్రీవంగా తోసిపుచ్చి, ప్రతినిధి ఓటర్లకే కాక అక్కడ నివసించే అందరికీ ప్రతినిధి అని చెప్పింది. ఓటులేని బిడ్డకూ బడి కావాలి, ఓటులేని తల్లీ పన్ను కడుతుంది కనుక ఆ తీర్పు న్యాయమైనది. అయితే ఏదైనా రాష్ట్రం తనంతట తానుగా ఓటర్ల సంఖ్యనే ప్రాతిపదికగా తీసుకోవచ్చా అన్న ప్రశ్నను కోర్టు తేల్చలేదు. అలా తీసుకుంటే పిల్లలూ వలస వచ్చినవారూ ఎక్కువగా ఉన్న నగరాల నుంచి వయసు మళ్లినవారి ప్రాంతాలకు సీట్లు తరలిపోతాయి.