నడిసంద్రంలో నాటి తారల తిరునాళ్లు
పాత చిత్రాల అభిమానులకు ఓడే థియేటర్, ఓడే విడిది
గోదావరి లాంచీకీ ఉంది ఆ జ్ఞాపకం

అది 2011 డిసెంబరు. అమెరికాలోని మయామీ ఓడరేవు నుంచి ‘సెలబ్రిటీ మిలీనియం’ అనే భారీ నౌక బయలుదేరింది. ఎక్కినవారిలో చాలామంది కీవెస్ట్ దీవిని, మెక్సికోలోని కొజుమెల్‌ను చూడాలని వచ్చినవారు కారు. వారిని రప్పించింది ఓడలోనే ఉన్న నలుగురు వృద్ధులు. ఒకరికి 94 ఏళ్లు, మరొకరికి 87, ఇంకొకరికి 85, అందరిలోకీ చిన్నవారికి 81. నాలుగైదు దశాబ్దాల కిందట వెండితెరను ఏలిన ఆ నలుగురితో కలిసి నాలుగు రాత్రులు గడిపేందుకే అభిమానులు టిక్కెట్లు కొన్నారు.

అలనాటి తారల అభిమానులు ఓడపై చేరి జరుపుకొనే ఈ సమ్మేళనం పైకి ధనవంతుల విలాసంగా కనిపిస్తుంది. లోతుగా చూస్తే దీని వెనుక ఒక తొందర ఉంది. చూసినవారు, నటించినవారు ఇద్దరూ బతికి ఉండగానే ఒకచోట కూర్చోవాలన్న తొందర అది. తెలుగునాట నాటి చిత్రాలను ప్రేమించే వారికీ ఇది పట్టే విషయమే.

ఎలా మొదలైంది?

పాత చిత్రాల కోసమే టెడ్ టర్నర్ స్థాపించిన టర్నర్ క్లాసిక్ మూవీస్ చానల్ 1994 ఏప్రిల్ 14న ప్రసారాలు ప్రారంభించింది. తొలిరోజు తొలి చిత్రం ‘గాన్ విత్ ద విండ్’. ప్రతి చిత్రానికీ ముందు వచ్చి, దాని పుట్టుపూర్వోత్తరాలు నాలుగు మాటల్లో చెప్పే రాబర్ట్ ఆస్‌బోర్న్ ప్రేక్షకులకు ఇంటి మనిషిలా మారారు. ఇళ్లలో ఒంటరిగా పాత చిత్రాలు చూసుకునే వారు దేశమంతటా ఉన్నారనీ, వారికి ఒకరినొకరు కలుసుకునే చోటే లేదనీ చానల్ గుర్తించింది. 2010లో హాలీవుడ్‌లో చిత్రోత్సవం ఏర్పాటు చేసింది. దానికి వచ్చిన ఆదరణ చూసి మరుసటి ఏడాది ఓడ ఎక్కింది. తరువాతి యాత్రల్లో కొన్ని ‘డిస్నీ మ్యాజిక్’ నౌకపై సాగాయి.

తారలకూ ఓడలకూ బంధం అంతకుముందే ఉంది. విమానాలు విస్తరించక మునుపు హాలీవుడ్ ప్రముఖులు అట్లాంటిక్ దాటింది ‘క్వీన్ మేరీ’ వంటి నౌకల్లోనే. ఆ నౌక 1967 నుంచి కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ వద్ద లంగరు వేసి ఉంది. 1977 నుంచి 1986 వరకు అమెరికా టీవీలో వచ్చిన ‘ద లవ్ బోట్’ ధారావాహిక ఓడ ప్రయాణాన్ని మధ్యతరగతి కలగా మార్చింది. లిలియన్ గిష్, జింజర్ రోజర్స్ వంటి పాతతరం నటీమణులు అందులో అతిథి పాత్రల్లో కనిపించారు. ‘ఓడ ఎక్కితే పాత తార ఎదురుపడుతుంది’ అన్న ఊహ ప్రేక్షకుల మనసులో అప్పుడే నాటుకుంది.

ఓడే ఎందుకు?

నేలమీద జరిగే సభలో అతిథి వస్తారు, దండ వేయించుకుంటారు, నాలుగు మాటలు చెప్పి కారెక్కుతారు. అభిమానికి దక్కేది దూరం నుంచి ఒక చూపు, అదృష్టముంటే ఒక సంతకం. ఓడలో కారు లేదు, వెనుక గుమ్మం లేదు. వేదిక దిగిన నటుడు మరుసటి ఉదయం అదే భోజనశాలకు రావాలి, అదే డెక్కుపై నడవాలి. ఉదయం పలకరించలేని వారు సాయంత్రం పలకరిస్తారు. తోపులాట ఉండదు గనుక అతిథీ తీరిగ్గానే మాట్లాడతారు.

వయసు రెండో కారణం. ఇలాంటి చిత్రాలను విడుదలైన రోజుల్లోనే చూసినవారు నేడు వృద్ధులు. ఒక హోటల్‌లో బస, మరోచోట ప్రదర్శన, ఇంకోచోట భోజనం అంటే వారికి శ్రమ. ఓడలో గది నుంచి థియేటర్‌కు లిఫ్ట్ ఉంది, వైద్యుడు ఉన్నాడు, మూడు పూటలా భోజనం ఉంది. సామాను ఒక్కసారి దించుకుంటే చాలు.

అతిథికీ ఇందులో సుఖముంది. తొంభై ఏళ్లు దాటిన నటుడికి ఊరూరా తిరగడం కష్టం. ఓడలో ఊరే ఆయన వద్దకు వస్తుంది.

అద్దె లెక్క ఇదీ..

ఇటువంటి యాత్రలకు రెండు పద్ధతులు ఉన్నాయి. ఓడ మొత్తాన్ని నిర్వాహకులే అద్దెకు తీసుకోవడం మొదటిది. ‘మిలీనియం’ వంటి నౌకలో దాదాపు 2 వేల మంది ప్రయాణించవచ్చు. గదులన్నీ నిండినా, సగం మిగిలినా అద్దె మాత్రం పూర్తిగా చెల్లించాల్సిందే. అందుకే నెలల ముందుగా తేదీలు ప్రకటించి, బయానా తీసుకుని, విడతలుగా సొమ్ము వసూలు చేస్తారు. సాధారణ ప్రయాణికులు తిరిగే నౌకలో కొన్ని గదులను మాత్రమే గుత్తగా తీసుకోవడం రెండో పద్ధతి. దీనిలో నష్టభయం తక్కువే. అయితే ప్రధాన వేదిక అడిగిన వేళకు దొరకదు. చిన్న అభిమాన బృందాలకు ఇదే అనువు.

ఓడ నడపడం, వంట, వడ్డన, గదుల శుభ్రత నౌకా సంస్థ బాధ్యత. అతిథుల పారితోషికం, ప్రదర్శన హక్కులు, కార్యక్రమాల కూర్పు నిర్వాహకుల బాధ్యత. ఇంట్లో డిస్క్ కొనుక్కున్నంత మాత్రాన దానిని నలుగురికీ టిక్కెట్టుపై చూపే హక్కు రాదు. ప్రతి చిత్రానికీ హక్కుదారు అనుమతి పొందాలి. పాత చిత్రాలకు ఆ హక్కుదారు ఎవరో తేల్చడమే ఒక్కోసారి పెద్ద పని.

వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. అట్లాంటిక్‌లో తుపానుల కాలం జూన్ నుంచి నవంబరు చివరి వరకు. తొలి యాత్ర ఆ గండం దాటిన డిసెంబరులో సాగింది.

పగలు ముచ్చట్లు.. రాత్రి వెన్నెల సినిమా

ఓడలోని పెద్ద వేదిక ప్రధాన థియేటర్ అవుతుంది. ‘డిస్నీ మ్యాజిక్’లో విడిగా సినిమా హాలు ఉంది. ఈతకొలను పక్కన ఆరుబయట పెద్ద తెర కూడా ఉంది. ఒకచోట చిత్రం ఆడుతుంటే మరోచోట ముఖాముఖి సాగుతుంది. చిత్రానికి ముందు వ్యాఖ్యాత పరిచయం చేస్తారు, తరువాత అతిథి నాటి ముచ్చట్లు చెబుతారు. సినీ జ్ఞానంపై పోటీలు ఉంటాయి. పాత పాత్రల వేషధారణలో భోజనానికి వచ్చేవారూ ఉంటారు.

అయితే ఇలాంటి యాత్రలకు అసలు బలం భోజనబల్ల వద్ద ఉంది. ఒకే చిత్రాన్ని యాభై ఏళ్ల కిందట వేర్వేరు ఊళ్లలో చూసిన ఇద్దరు అపరిచితులు పక్కపక్కన కూర్చుంటారు. ఊరు, ఉద్యోగం అడగకముందే ఇష్టమైన సన్నివేశం గురించి మాట కలుస్తుంది. ఇంట్లో ‘ఆ పాత సినిమాలేమిటి’ అనిపించుకున్నవారికి ఇక్కడ వినేవారు దొరుకుతారు.

కాలంతో పోటీ

తొలి యాత్రలో ఉన్న 94 ఏళ్ల పెద్దమనిషి ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్. 1955 నాటి ‘మార్టీ’ చిత్రానికి ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నారు. యాత్ర ముగిసిన ఏడు నెలలకు, 2012 జులై 8న ఆయన కన్నుమూశారు. ఆ ఓడ మరుసటి ఏడాదికి వాయిదా పడి ఉంటే అభిమానులకు ఆయన దక్కేవారు కారు.

85 ఏళ్ల వయసులో పాల్గొన్న దర్శకుడు నార్మన్ జూయిసన్ 2024 జనవరిలో మరణించారు. అందరినీ ఒకచోటికి చేర్చిన ఆస్‌బోర్న్ 2017 మార్చిలోనే వెళ్లిపోయారు. ‘ఆన్ ద వాటర్‌ఫ్రంట్’ నాయిక ఇవా మేరీ సెయింట్ మాత్రం 2024 జులైలో నూరేళ్లు పూర్తిచేసుకున్నారు. హిచ్‌కాక్ ‘ద బర్డ్స్’లో నటించిన టిపి హెడ్రన్ ఆ యాత్రలో నాలుగో అతిథి.

ఓడ ప్రయాణానికి మరో ముప్పూ ఉంది. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా వద్ద నిలిచిపోయిన ‘డైమండ్ ప్రిన్సెస్’ నౌకలో 3,700 మందికి పైగా ఉండగా, 700 మందికి మించి కరోనా సోకింది. 2020 మార్చిలో అమెరికాలో విహార నౌకలు నిలిచిపోయాయి. 2021 జూన్‌లోగానీ అక్కడ పెద్ద నౌకలు ప్రయాణికులతో కదలలేదు. వృద్ధులు ఎక్కువగా ఉండే సమ్మేళనాలకు ఓడలోని వైద్య సౌకర్యం, గాలి వెలుతురు అలంకారాలు కావనీ, అవే తొలి షరతులనీ ఆ అనుభవం నేర్పింది.

మనకూ ఉందొక లాంచీ

ఓడపై అపరిచితులు ఒక కుటుంబంలా మారే కథ తెలుగువారికి కొత్తది కాదు. బాపు దర్శకత్వంలో, ముళ్లపూడి వెంకటరమణ రచనతో 1973లో వచ్చిన ‘అందాల రాముడు’ గోదావరిపై భద్రాచలం వెళ్లే లాంచీలోనే సాగుతుంది. అందులో నాయకుడు అక్కినేని నాగేశ్వరరావు. అంతకు ముందు, 1964 నాటి ఆదుర్తి సుబ్బారావు చిత్రం ‘మూగ మనసులు’లో ఆయన పడవ నడిపే గోపి. సావిత్రి, జమున నాయికలు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ మళ్లీ అదే నదిపై, అలాంటి ప్రయాణంపై అల్లుకుంది.

ఆ చిత్రాలను మళ్లీ చూసే వారికి తారలతో పాటు నది కూడా కనిపిస్తుంది. నాటి రేవులు, ఇసుకతిన్నెలు, ఒడ్డున గుడిసెలు తెరపై పదిలంగా ఉన్నాయి. ఇవాళ పాపికొండల పడవలు పోలవరం ఆనకట్టకు ఎగువన ఉన్న గండిపోచమ్మ ఆలయం వద్ద నుంచి బయలుదేరుతున్నాయి. జలాశయం పూర్తి స్థాయికి, అంటే 45.72 మీటర్లకు నిండితే ఎగువన ఎన్నో ఊళ్లు, రేవులు నీట మునుగుతాయి. అప్పుడు వాటిని చూడాలంటే ఆ పాత చిత్రాలే దిక్కు.

మన పెద్దతరం తారలూ వేగంగా తరలిపోతున్నారు. 2022 సెప్టెంబరు 11న కృష్ణంరాజు, నవంబరు 15న కృష్ణ, డిసెంబరు 23న కైకాల సత్యనారాయణ, 2023 జనవరి 27న జమున మరణించారు. అయిదు నెలలు గడవకముందే ఒక తరం జ్ఞాపకాల్లో పెద్దభాగం మూగబోయింది. శతదినోత్సవాలకు ఊరూరా తోరణాలు కట్టిన అభిమానులు ఎందరో ఉన్నారు. తీరిగ్గా కూర్చుని ఆ నటుల చేత నాటి ముచ్చట్లు చెప్పించిన సభలు మాత్రం తక్కువే.

తీరంలో వీలుందా?

విశాఖపట్నం ఓడరేవులో దాదాపు రూ.96 కోట్లతో నిర్మించిన విహార నౌకల టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. అంతకు ముందే, 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు విహార నౌక నడిచింది. మొత్తం ఓడ అద్దెకు తీసుకునే స్థోమత లేకున్నా, కొన్ని గదులు గుత్తగా తీసుకునే రెండో పద్ధతి మన అభిమాన సంఘాలకు అసాధ్యమేమీ కాదు. అయితే బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల భయం ఉంటుంది. తేదీల ఎంపికలో అది మరువరాదు.

ప్రదర్శన హక్కుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన చట్టం ప్రకారం సినిమాపై హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన 1957 నాటి ‘మాయాబజార్’ వంటి చిత్రాల గడువు తీరింది. కథ, పాటల సాహిత్యం, సంగీతంపై హక్కులు వేరు. వాటి గడువును రచయిత మరణం నుంచి లెక్కిస్తారు. మంచి ప్రతి ఎవరి వద్ద ఉందన్నది మరో ప్రశ్న. దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’కు నేడు ప్రతి లేదన్న సంగతి మరువరాదు.

నదిలోనైతే జాగ్రత్త మరింత అవసరం. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగి దాదాపు 50 మంది ప్రాణాలు కోల్పోయారు. వరద ఉద్ధృతిలో ప్రయాణం ఎంత ప్రమాదమో ఆ రోజు తేల్చిచెప్పింది. గోదావరిపై ఏ బృందం విహారం తలపెట్టినా నీటిమట్టం, బోటు సామర్థ్యం, అనుమతి, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ చూసుకున్నాకే సినిమా ముచ్చట.

ఓడే ఉండాలన్న నియమమూ లేదు. అక్కినేని శతజయంతి సందర్భంగా 2024 సెప్టెంబరులో ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ ఆయన పది చిత్రాలను దేశంలోని పలు నగరాల్లో ప్రదర్శించింది. ‘దేవదాసు’ నుంచి ‘మనం’ వరకు ఉన్న ఆ చిత్రాలు వరంగల్, కాకినాడ వంటి చోట్లా తెరపైకి వచ్చాయి. తారను ప్రేమించిన వారంతా ఒకేచోట కూర్చోవడం, పెద్దలు చెబుతుండగా పిల్లలు వినడం, ఆ మాటలను రికార్డు చేసి దాచడం.. మయామీ ఓడలో జరిగినదాని సారం ఇదే. దానికి సముద్రమే అక్కర్లేదు. ఊళ్లోని చిన్న హాలు, మంచి ప్రతి, నాటి షూటింగును కళ్లారా చూసిన ఓ పెద్దాయన ఉంటే చాలు. ఆయన ఉండగానే ఆ పని జరగాలి.